వేట ఎవరిది? 'కోటబొమ్మాళి పీఎస్' నుంచి 'యజ్ఞం' దాకా

మేం కోటబొమ్మాళి వెళ్లింది జార్జ్ ఆర్వెల్ గురించి మాట్లాడటానికి. అక్కడి ఉపాధ్యాయ మిత్రులు కొందరు పిలిచారు. రాజకీయ ప్రచారం పిల్లల బుర్రల్ని ఎట్లా పాడు చేస్తోందో రోజూ తరగతిలో చూస్తున్నామనీ, 'యానిమల్ ఫామ్', '1984' లాంటి నవలలు చదివి చెబితే వాళ్లకి సొంతంగా ఆలోచించడం అలవాటవుతుందనీ వాళ్ల ఆశ. డిగ్రీ చదివే పిల్లలు, నలుగురైదుగురు సంఘం కార్యకర్తలు, కొందరు టీచర్లు కూర్చున్నారు. ఆర్వెల్ గురించి మేం చెప్పిందంతా మర్యాదగా విన్నారు. ఆ తర్వాత వాళ్లు మాట్లాడింది మాత్రం తమ ఊరి పేరు పెట్టుకుని వచ్చిన సినిమా గురించే. మొదట నోరు విప్పిన కుర్రాడు అన్న మాట ఇది:

"ఊరు పేరు మనదే సార్, పాటా మనదే. కతొక్కటే మనది కాదు."

మేం తయారుచేసుకుని వెళ్లిన ఉపన్యాసం కంటే ఈ మాట విలువైనది. ఆ రోజు జరిగిన చర్చనూ, తర్వాత మాలో మేం చేసుకున్న చర్చనూ కలిపి ఈ వ్యాసం రాస్తున్నాం.

'కోటబొమ్మాళి పీఎస్' 2023 నవంబర్ 24న విడుదలైంది. తెలంగాణలో శాసనసభ ఎన్నికల పోలింగుకి సరిగ్గా ఆరు రోజుల ముందు. తేజ మార్ని దర్శకుడు. శ్రీకాంత్, రాహుల్ విజయ్, శివాని రాజశేఖర్ పోలీసు సిబ్బందిగానూ, వరలక్ష్మి శరత్‌కుమార్ వాళ్లని పట్టుకోడానికి వచ్చిన అధికారిగానూ, మురళీశర్మ హోంమంత్రిగానూ చేశారు. ఇది 2021లో వచ్చిన 'నాయాట్టు' అనే మలయాళ సినిమాకి తెలుగు రూపం. 'నాయాట్టు' అంటే వేట. దాని దర్శకుడు మార్టిన్ ప్రక్కాట్, కథ రాసిన షాహీ కబీర్ కేరళ పోలీసు శాఖలో పనిచేసినవాడు. సినిమా రాకముందే శ్రీకాకుళం జానపదంగా ప్రచారమైన 'లింగిడి' పాట పెళ్లిళ్లలోనూ కాలేజీ ఫంక్షన్లలోనూ మోగిపోయింది. జనం థియేటరుకి వెళ్లింది సగం ఆ పాట కోసమే. కుర్రాడు "పాటా మనదే" అన్నది దాన్ని గురించే.

కథ అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్తాం. ఉప ఎన్నిక దగ్గర పడింది. ఒక వర్గం ఓట్లు అధికార పార్టీకి కావాలి. ఆ వర్గానికి చెందిన మనిషి ఒకడు రోడ్డు ప్రమాదంలో చనిపోతాడు. ఆ బండిలో ముగ్గురు కింది స్థాయి పోలీసులున్నారు. అది ప్రమాదం అని పైవాళ్లందరికీ తెలుసు. అయినా ఓట్ల కోసం వాళ్లని హంతకులుగా నిలబెట్టాలని నిర్ణయిస్తారు. టీవీలు అరుస్తాయి, సాక్ష్యాలు తయారవుతాయి, సొంత శాఖే సొంత మనుషుల్ని వేటాడుతుంది. మలయాళంలో ఆ చనిపోయిన మనిషి దళితుడు. పొద్దున పోలీస్ స్టేషన్లో గొడవపడి, చావు తర్వాత ఊరిని రెచ్చగొట్టే యువకుడూ దళిత సంఘం మనిషే. ఇంకో సంగతి, పారిపోతున్న ముగ్గురు పోలీసుల్లో ఇద్దరు కూడా దళితులే.

ఈ సినిమాలో నిజం లేదని మేం అనడం లేదు. పోలీసు శాఖలో కానిస్టేబుల్ అంటే ఏమిటో, పైనుంచి ఒక ఫోన్ వస్తే ఎస్.ఐ. దగ్గర్నుంచి హోంగార్డు దాకా ఎట్లా నోరు మూసుకుంటారో, ఒక అబద్ధాన్ని అధికారిక నిజంగా మార్చడానికి ఎన్ని సంతకాలు కావాలో దీని రచయితకు లోపలి మనిషిగా తెలుసు. ఆ భాగాలు బలంగా ఉన్నాయి. రాజ్యం అబద్ధాన్ని ఎట్లా తయారుచేస్తుందో ఇంత వివరంగా చూపించిన జనాదరణ సినిమాలు తెలుగులో తక్కువ. ఉపాధ్యాయ మిత్రుల్లో ఒకరు "ఇది మన 1984 లాంటిదే కదా" అన్నది అందుకే.

అక్కడే మాకూ వాళ్లకీ పేచీ. ప్రభుత్వ ప్రచారాన్ని బట్టబయలు చేస్తున్నట్టు కనిపించే కథ తాను కూడా ఒక ప్రచారాన్ని చేరవేయగలదు. ఆ కథ ప్రేక్షకుడికి ఒక అబద్ధాన్ని చూపించి "చూశావా, ఎట్లా మోసం చేస్తారో" అంటుంది. చూసినవాడికి తనకేదో కళ్లు తెరుచుకున్నట్టు అనిపిస్తుంది. కళ్లు తెరుచుకున్నాయన్న ధీమాతో కూర్చున్నవాడికి రెండో అబద్ధం ఎక్కించడం చాలా తేలిక. ఈ సినిమాలో ఆ రెండో అబద్ధం ఇది: దళితుడు చనిపోతే రాజ్యం గజగజ వణికిపోతుంది, ఆ ఓట్లకు భయపడి తన సొంత పోలీసుల్నే బలి ఇస్తుంది.

ఇది ఏ దేశంలో జరిగింది? ఏ జిల్లాలో జరిగింది?

1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. కారంచేడు జరిగి అప్పటికి ఆరేళ్లు. అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చింది, 1990 జనవరిలో అమల్లోకి వచ్చింది. చట్టం ఉంది, ఓట్లు ఉన్నాయి, దేశమంతా తెలిసిన ఉద్యమం ఉంది. ప్రత్యేక కోర్టు తీర్పు రావడానికి 2007 జూలై 31 దాకా, అంటే పదహారేళ్లు పట్టింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులుగా వదిలేసింది. అప్పీలు సుప్రీంకోర్టుకి వెళ్లింది. హైకోర్టు తీర్పు చదివితే చనిపోయినవాళ్లు ఎనిమిది మంది కనబడతారు, చంపినవాడు ఒక్కడూ కనబడడు. ఆర్వెల్ నవలలో కథానాయకుడి ఉద్యోగం పాత పత్రికల్లో అక్కర్లేని పేర్లు తుడిచెయ్యడం. మన దగ్గర అంత శ్రమ అక్కర్లేదు. కాగితం మీద అన్నీ ఉంటాయి, నేరస్తుడు తప్ప.

గుంటూరు దూరం అనుకుంటే ఇంకా దగ్గరకి వద్దాం. 2012 జూన్ 12న వంగర మండలం లక్ష్మీపేటలో ఐదుగురు దళితుల్ని చంపారు. అప్పుడది శ్రీకాకుళం జిల్లా. 2022లో జిల్లాలు విడగొట్టాక విజయనగరంలోకి వెళ్లింది. మడ్డువలస రిజర్వాయరు కోసం ప్రభుత్వం తీసుకోగా మునగకుండా మిగిలిన భూమిని దళితులు సాగుచేసుకోవడం తగువుకి మూలం. ఆ ఊళ్లో కూడా ఓట్లున్నాయి, ఎన్నికలూ జరుగుతాయి. ఐదు శవాలు లేచిన ఆ ఊరి కోసం ఏ మంత్రి పదవీ ఊడలేదు, ఏ శాఖా తన మనుషుల్ని తానే వేటాడుకోలేదు. లక్ష్మీపేట పేరు పెట్టి సినిమా తీసి పాట మోగించినవాళ్లు ఎవరూ లేరు. కోటబొమ్మాళి పేరు మాత్రం సినిమా టైటిలయింది, అదీ పోలీసుల మీద జాలి పుట్టించడానికి.

సినిమా వచ్చిన కాలాన్ని కూడా చూడాలి. 2018 మార్చి 20న సుప్రీంకోర్టు అత్యాచారాల నిరోధక చట్టం దుర్వినియోగం అవుతోందని చెప్పి, అరెస్టుకి ముందు అనుమతి కావాలనీ, ప్రాథమిక విచారణ జరపొచ్చనీ షరతులు పెట్టింది. ఏప్రిల్ 2న దేశమంతా బంద్ జరిగింది. ఆగస్టులో పార్లమెంటు చట్టాన్ని సవరించి ఆ షరతుల్ని తీసేసింది. 2019 అక్టోబర్‌లో కోర్టు కూడా వాటిని వెనక్కి తీసుకుంది. 2020 ఫిబ్రవరిలో సవరణ చెల్లుతుందని చెప్పింది. చట్టం మళ్లీ నిలబడింది గానీ 'దుర్వినియోగం' అన్న మాట మాత్రం వెనక్కి పోలేదు. ఆఫీసుల్లో, టీ బడ్డీల దగ్గర, స్టాఫ్ రూముల్లో అది స్థిరపడిపోయింది. కోర్టు వెనక్కి తీసుకున్న మాటని సినిమా ముందుకి తీసుకుంది. 'నాయాట్టు' 2021లో వచ్చింది. ఇందులో ఎవరో కూర్చుని కుట్ర పన్నారని మేం అనడం లేదు. కుట్ర అక్కర్లేదు. గాలిలో ఉన్న మాటని కథలో పెడితే చాలు, అది సహజంగా అతుక్కుంటుంది. ప్రచారం ఎక్కువగా పనిచేసేది ఈ పద్ధతిలోనే.

ఇంత చెప్పాక ఆర్వెల్ దగ్గరికి మళ్లీ రావాలి. ఎందుకంటే మా ఉపాధ్యాయ మిత్రుల నమ్మకం ఏమిటంటే, ఇట్లాంటి పుస్తకాలు చదివితే ఇట్లాంటి ప్రచారాలకి లొంగరని. ఇంగ్లీషు విమర్శకులు డిస్టోపియా అంటారు, రాబోయే కాలం ఎంత భయంకరంగా ఉంటుందో ఊహించి హెచ్చరించే నవలలు. మేం వాటిని పీడకల కథలు అంటాం. వాటిని చదవొద్దని మేం అనడం లేదు. కానీ ఆ కథలకి కూడా ఒక కథ ఉంది, అది కలిపి చెప్పకపోతే పాఠం సగమే.

ఆర్వెల్ 1903లో బీహారులోని మోతీహారిలో పుట్టాడు. తండ్రి బ్రిటిష్ ప్రభుత్వ నల్లమందు శాఖ ఉద్యోగి. 1922 నుంచి 1927 దాకా ఆర్వెల్ బర్మాలో ఇంపీరియల్ పోలీసు అధికారి. అంటే ఈయన కూడా 'నాయాట్టు' రచయితలాగే పోలీసు శాఖ లోపలి మనిషి. 1941 నుంచి 1943 దాకా బి.బి.సి.లో ఇండియా కోసం యుద్ధకాలపు ప్రసారాలు తయారుచేశాడు, అంటే సర్కారీ ప్రచారం. 'అన్‌టచబుల్' నవల రాసిన ముల్క్‌రాజ్ ఆనంద్ ఆ ప్రసారాల్లో ఆయనతో కలిసి పాల్గొన్నాడు. ప్రచారం ఎట్లా వండుతారో ఆర్వెల్‌కి తెలిసింది పుస్తకాల్లో చదివి కాదు, వంటింట్లో ఉండి. ఆయన బలం అదే.

కానీ ఆయన పుస్తకానికి ఏం జరిగిందో చూడండి. 'యానిమల్ ఫామ్' 1945 ఆగస్టులో వచ్చింది. 1948లో బ్రిటిష్ విదేశాంగ శాఖ కమ్యూనిజానికి వ్యతిరేకంగా ప్రచారం చెయ్యడానికి ఒక రహస్య విభాగం పెట్టింది. ఆ విభాగం ఈ నవలని అనేక భాషల్లోకి తర్జుమా చేయించడానికి సాయపడింది, బొమ్మల కథగా చేయించి పత్రికలకి పంచింది. 1949లో, జబ్బుతో ఉన్న రోజుల్లో, ఆర్వెల్ స్వయంగా ఆ విభాగానికి నమ్మదగని రచయితలూ పాత్రికేయులూ అంటూ 38 పేర్ల జాబితా ఇచ్చాడు. 1950 జనవరిలో చనిపోయాడు. 1954లో 'యానిమల్ ఫామ్' బొమ్మల సినిమాగా వచ్చింది. దానికి డబ్బు అమెరికా గూఢచారి సంస్థ సి.ఐ.ఎ. చాటుగా పెట్టింది. నవల చివర పందులకీ మనుషులకీ తేడా తెలియకుండా పోతుంది, అంటే విప్లవద్రోహులూ పాత యజమానులూ ఒకటే అని అర్థం. సినిమాలో ఆ పాత యజమానుల్ని తప్పించేశారు. మిగిలిన జంతువులు పందుల మీద తిరగబడటంతో ముగించారు. ప్రచారాన్ని ఎండగట్టిన పుస్తకాన్ని తీసుకుని, కొస కోసేసి, ప్రచారంగా మార్చారు. రాజ్యం గతాన్ని తిరగరాస్తుందని హెచ్చరించినవాడి పుస్తకాన్నే తిరగరాశారు.

తెలుగులో ఈ నవల 'పశువుల దివాణం' అనే పేరుతో వచ్చింది. ఆ 'దివాణం' అన్న మాట దగ్గర ఆగాలి. టెక్కలి, మందస, బొబ్బిలి జమీందారీల కింద నలిగిన ప్రాంతంలో దివాణం అంటే ఎవరికీ అర్థం చెప్పక్కర్లేదు. 1940లో మందస జమీందారీలో రైతుల మీద పోలీసులు కాల్పులు జరిపితే గున్నమ్మ చనిపోయింది దివాణం మీద పోరాటంలోనే. ఒక్క మాటతో ఇంగ్లీషు పశువులశాల మన వాకిట్లోకి వచ్చింది. అయితే వచ్చిన తర్వాత చాలామంది మన మేధావులు దాన్ని చదివింది రష్యా గురించే. మందస గురించి చదివిన దాఖలా మాకు కనబడలేదు. పుస్తకంలో బండచాకిరీ చేసి, ఏ మాట చెప్పినా నమ్మి, చివరికి కబేళాకి పోయే గుర్రం ఒకటుంది. ఆ గుర్రం ఏ వాడ మనిషో చెప్పడానికి మన విమర్శకులకి ఎందుకు నోరు రాలేదు?

'1984'లో ఇది ఇంకా స్పష్టం. ఆ నవల్లో జనాభాలో అత్యధికులు కూలీ జనం. వాళ్లలోనే ఆశ ఉందని కథానాయకుడు డైరీలో రాసుకుంటాడు. కానీ నవల వాళ్ల ఇళ్లలోకి వెళ్లదు. వాళ్లకి ఒక్క నిండు పాత్ర లేదు. నవల బాధంతా ఆఫీసు గుమాస్తా బాధ. డైరీ రాసుకునే ఏకాంతం పోయింది, ఇష్టమైన మనిషితో ఒక గదిలో ఉండే వీలు పోయింది, తన జ్ఞాపకం తనది కాకుండా పోయింది. ఇవి చిన్న నష్టాలు కావు. కానీ ఉన్నవాడికే ఇవి పోతాయి. వేరే గ్లాసులో టీ తాగినవాడికీ, ఊరి నడుమ చెప్పులేసుకుని నడిస్తే దెబ్బలు తిన్నవాడికీ, తాను ఎక్కడ కూర్చోవాలో ఎవర్ని చూడాలో ఊరే నిర్ణయించినవాడికీ పీడకల రాబోయే కాలం కాదు. నాయనమ్మ చెప్పే నిన్నటి సంగతి. అందుకే కోటబొమ్మాళి పిల్లలు '1984' గురించి వింటూ భయపడలేదు. ఒకమ్మాయి మాత్రం "మరి ఆ కూలీలు ఏటి అనుకునేవోరండి?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు, ఎందుకంటే ఆర్వెల్ దగ్గరే లేదు.

'యానిమల్ ఫామ్' వచ్చిన ఏడాదే, 1945లో, అంబేద్కర్ కాంగ్రెసూ గాంధీ అంటరానివాళ్లకి ఏం చేశారో లెక్కలతో సహా ఒక పెద్ద పుస్తకం రాశాడు. అందులో ఒక అధ్యాయం విదేశీయుల్ని ఉద్దేశించింది. కాంగ్రెసు స్వాతంత్ర్యం అన్న మాటని బయటి ప్రపంచానికి ఎట్లా అమ్ముతోందో, ఆ స్వాతంత్ర్యం ఎవరి పాలన కాబోతోందో అడగకుండా ఎందుకు నమ్ముతున్నారో నిలదీశాడు. రాజకీయ ప్రచారం గురించి మన దేశంలో వచ్చిన మంచి విశ్లేషణల్లో అదొకటి. అంతకు పాతికేళ్ల ముందే, 1920 జనవరిలో, 'మూక్‌నాయక్' పెట్టాడు. సొంత పత్రిక లేని జాతి గురించి ఇతరులు చెప్పిందే చరిత్ర అవుతుందని ఆయనకి అప్పుడే తెలుసు. విమర్శనాత్మకంగా ఆలోచించడం నేర్పాలనుకునే మన కాలేజీల్లో ఆర్వెల్ సిలబస్‌లోకి వస్తాడు. అంబేద్కర్ ఏప్రిల్ 14న పూలదండలోకి వస్తాడు.

సరే, ప్రచారం గురించి తెలుగులో, అందులోనూ ఈ జిల్లాలో, ఎవరూ రాయలేదా? రాశారు. కాళీపట్నం రామారావు మాస్టారి 'యజ్ఞం'. 1960లలో రాసిన ఈ కథని భూమి కథగా, అప్పు కథగా, వర్గపోరాట కథగా ఎందరో చదివారు. మేం దాన్ని ప్రచారం గురించిన కథగా కూడా చదవమంటున్నాం.

సుందరపాలెంలో పంచాయితీ. దళితుడు అప్పల్రాముడు వ్యాపారి గోపన్నకి పాత అప్పు తీర్చాలి. తీర్పు చెప్పవలసింది శ్రీరాములు నాయుడు. ఈయన దుర్మార్గుడు కాడు. గాంధీ మార్గం, న్యాయం, ఊరి బాగు అంటాడు. ఊరు కూడా ఆయన్ని అట్లాగే చూస్తుంది. ఊళ్లోకి అభివృద్ధి వచ్చింది ఆయన వల్లే అని అందరి నమ్మకం. ఎవరి మీదా పోలీసు నిఘా లేదు, ఎవరి నోరూ కట్టెయ్యలేదు. అప్పల్రాముడిని కూడా పూర్తిగా మాట్లాడనిస్తారు. ఆయన చెప్పిందల్లా, ఊరు పెరిగినకొద్దీ తమ ఇల్లు ఎట్లా తరిగిపోయిందో. ఊరంతా వింటుంది. విన్న తర్వాత కూడా తీర్పు మారదు, ఎందుకంటే ధర్మం ఏమిటో ముందే అందరికీ తెలుసు. చివరికి అప్పల్రాముడే ఒప్పుకుంటాడు. ఒప్పుకోనిది కొడుకు సీతారాముడు. వాడు తన పసిబిడ్డని చంపి తెచ్చి పంచాయితీ ముందు పడేస్తాడు.

ఆర్వెల్ లోకంలో అబద్ధాన్ని ఒప్పించడానికి చిత్రహింసల గది కావాల్సి వచ్చింది. సుందరపాలెంలో ఒక మంచిమనిషి, ఒక రచ్చబండ సరిపోయాయి. మనకి తెలిసిన ప్రచారం ఈ రెండో రకమే. భయపెట్టి నమ్మించేదాని కంటే గౌరవంతో నమ్మించేది ఎక్కువ కాలం ఉంటుంది. ఈ కథ మీద మాకున్న ఒక పేచీ కూడా చెప్పుకోవాలి. తిరగబడిన దళితుడి చేతిలోని కత్తి సొంత బిడ్డ మీదే ఎందుకు దిగాలి? మాస్టారు చూపించిన పరిస్థితిలో నిజం ఉంది గానీ, దళితుడి కోపానికి ఆత్మహననం తప్ప దారి కనిపించకపోవడం కథకుడి చూపుకి ఉన్న హద్దు అనిపిస్తుంది. ఆ హద్దు ఉన్నా, మేం మళ్లీ కోటబొమ్మాళి వెళ్తే మొదట 'యజ్ఞం' చదువుతాం, తర్వాతే ఆర్వెల్.

ఉపాధ్యాయ మిత్రులు ఇక్కడ ఒక న్యాయమైన ప్రశ్న వేశారు. కథలు సరే, పిల్లలకి రోజువారీ అభ్యాసంగా ఏం చెప్పాలి అని. మేం మాటలతో మొదలుపెట్టమన్నాం. కోటబొమ్మాళి పక్క మండలమే సంతబొమ్మాళి. అక్కడి కాకరాపల్లి దగ్గర థర్మల్ విద్యుత్ కేంద్రం కట్టబోయిన చోటుని స్థానికులు తంపర అంటారు. నీళ్లు నిలిచే చిత్తడి నేల. చేపలు, గడ్డి, పశువుల మేత, చుట్టుపక్కల పొలాలకి తడి, అన్నీ దాని మీదే. సోంపేట దగ్గర అట్లాంటి దాన్నే బీల అంటారు. ప్రాజెక్టు కావాలన్నవాళ్ల నోటికి వచ్చేసరికి ఆ తంపర, ఆ బీల పనికిరాని భూమి అయిపోయాయి. సోంపేటలో 2010 జూలై 14న కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. అదే రోజు జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ అక్కడి ప్రాజెక్టుకి ఇచ్చిన అనుమతిని కొట్టేసింది. 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లి ఉద్యమం మీద వడ్డితాండ్ర దగ్గర కాల్పులు జరిగాయి, అక్కడా మనుషులు చనిపోయారు. మా సమావేశంలో వెనకాల కూర్చున్న ఒక పెద్దాయన అన్నాడు: "పనికిరాని బూమైతే ఇన్నాళ్లూ మేమెలగ బతికీసేమండి?" ఒక మాట మారిస్తే భూమి చేతులు మారుతుంది. ఆర్వెల్ దాని మీద ఒక నవల రాశాడు. ఈ పెద్దాయన ఒక వాక్యంలో చెప్పాడు.

ఇట్లాంటి మాటలు మన దగ్గర చాలా ఉన్నాయి. 'ఎదురుకాల్పులు' అన్న మాట ఈ జిల్లాకి కొత్త కాదు. 1970 జూలైలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయినప్పుడూ అధికారులు చెప్పింది అదే. ఎమర్జెన్సీ అయ్యాక 1977లో తార్కుండే కమిటీ ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్‌కౌంటర్ల మీద విచారణ జరిపింది ఆ మాట వెనక ఏముందో చూడటానికే. ఊరి మీద పడి మనుషుల్ని చంపితే 'ఇరువర్గాల ఘర్షణ' అని రాయడం ఇంకో అలవాటు. ఒక వర్గం శవాలు మోస్తుంటే ఇరువర్గాలు ఎక్కడివి? పిల్లల్ని వారం రోజుల పత్రిక తీసుకుని ఇట్లాంటి మాటలు ఏరమన్నాం. ఏ మాట ఎవరు వాడారు, ఆ మాట బదులు ఊళ్లో ఏమంటారు, ఆ మాట వల్ల ఎవరి పేరు కనబడకుండా పోయింది. ఈ మూడు రాసుకుంటే చాలు. దీనికి సిద్ధాంత గ్రంథాలు అక్కర్లేదు.

ఇక సినిమాలో దళిత పోలీసుల సంగతి. పాతకాలంలో ఊళ్లో టముకు వేసి చాటేవాడు మా వాడ మనిషే. టముకు మనది, తోలు మనం పదును చేసింది, గొంతు మనది. చాటే మాట మాత్రం మునసబుది. శిస్తు కట్టకపోతే జప్తు అని చాటినప్పుడు ఆ జప్తులో చాటింపువాడి గుడిసె కూడా ఉండేది. 'నాయాట్టు'లో ఇద్దరు దళిత పోలీసుల్ని పెట్టి, వాళ్లని దళిత సంఘం కుర్రాడి మీదకి నిలబెట్టడం ఈ టముకు పద్ధతే. "మేం కులం చూడలేదు, మా కథానాయకులే దళితులు" అని చెప్పుకోడానికి వీలుగా ఉంటుంది. ఆ ఇద్దరి కష్టం నిజం, కానీ ఆ కష్టాన్ని వాడుకుని చెప్పిన మాట, చనిపోయినవాడి జాతే వేటగాడని.

మేం ఇది చెప్తుండగా ముందు వరసలో కూర్చున్న ఒకమ్మాయి లేచింది. అప్పటిదాకా మాట్లాడలేదు. వాళ్ల నాన్న కానిస్టేబుల్.

"ఆ సినిమా సూసి మా అయ్య ఏడిసేడు సార్. ఎందుకేడిసేడో నాకు తెల్సు. ఇరవయ్యేళ్లు ఎవులెవులి తప్పులో ఆడి మీదెట్టుకున్నాడు. అది కూడా అబద్దమేనా?"

అబద్ధం కాదన్నాం. ఇంకేం చెప్పాలో వెంటనే తోచలేదు. సినిమాలో నిజమైన భాగం ఇదేననీ, మీ నాన్న బాధని చూపించిన ఆ కథే ఆ బాధకి కారణమైన పెద్దల్ని చివరికి ఓటు బ్యాంకు చేతిలో కీలుబొమ్మలుగా చూపించి వదిలేసిందనీ చెప్పాం. ఆమె ఒప్పుకున్నట్టు కనిపించలేదు. పోలీసు ఉద్యోగం వాళ్లింట్లో మొదటి జీతం. ఆ యూనిఫాం వేసుకున్నాకే వాళ్ల నాన్నని ఊళ్లో 'గారు' అన్నారట. అలాంటి యూనిఫాంని వేటగాడి వైపు నిలబెట్టి మేం మాట్లాడుతున్నామని ఆమెకి అనిపించి ఉంటుంది.

సంగం కార్యకర్త ఒకాయన కల్పించుకుని లక్ష్మీపేట గురించి గట్టిగా మాట్లాడబోతే మేమే ఆపాం. ఆ అమ్మాయి అడిగింది లక్ష్మీపేట గురించి కాదు. మాలో మాకు దీని మీద ఇంకా తేడాలున్నాయి. కొందరం రాజ్యం చేతిలో పనిముట్టుగా ఉన్న దళితుడిని పీడితుడిగానే చూడాలంటాం, కొందరం పనిముట్టు అన్న సంగతి అతనితో తేటతెల్లంగా మాట్లాడాలంటాం. ఉత్తరాంధ్రకే చెందిన రావిశాస్త్రి ఉంటే కానిస్టేబుల్నీ సారా కేసులో ఇరుక్కున్న పేదనీ ఒకే వాక్యంలో నవ్వించి ఏడిపించి ఉండేవాడు. ఆ చూపు మా వ్యాసాల్లో లేదు, ఒప్పుకుంటాం.

సమావేశం అయ్యాక ఆ అమ్మాయి మా దగ్గరికొచ్చి 'యజ్ఞం' ప్రతి ఉందా అని అడిగింది. ఇచ్చాం. వాళ్ల నాన్నకి చదివి వినిపిస్తానంది. చదివాక ఆయన ఏమన్నాడో రాయమని చెప్పి వచ్చాం.